వినోదవాచకములగు ఆంగ్లపదములు - ఓరుగంటిసీమ ఆటపాటలు

ఆంగ్లభాష నభ్యసించు బాలబాలికలకు మొట్టమొదట నెదురగు ప్రశ్నలలో "నీ హాబీ యేది?" యనున దొకటి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పాఠశాలలయందును ఈ ప్రశ్నకు మిక్కిలి ప్రచారము గలదు. 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వపాఠశాలలయందు ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినప్పటినుండి ఈ ప్రశ్న మాఱుమూల పల్లెలకును చేరినది. దీనికి తరచుగా వచ్చు సమాధానములు కొన్నియే: పుస్తకపఠనము, తోటపని, తపాలాబిళ్ళల సేకరణము, క్రికెట్టు. ఏటేట బతుకమ్మ యాడు బాలికయు, చెరువున నీదులాడు బాలుడును, ఒగ్గుకథ నొకమారు విని మరునాడు తోడిపిల్లలకు చెప్పగలవాడును తా మెఱిగినదానిని విడిచి పుస్తకమున నున్నదానినే చెప్పుచుందురు. తమకు తెలిసినది "హాబీ" యను మాటలో నిముడునో యిమడదో వారికి తోచకపోవుటయే యిందులకు గారణము. వినోదమును విభజించు పద్ధతి యొక్కొక్క భాషయం దొక్కొక్క విధముగా నుండును. ఆ విభజనము తెలిసినగాని పదములు కంఠస్థములైనను ప్రయోజనము లేదు.

మొదట హాబీ యను పదమునే పరిశీలింపవలయును. ఆంగ్లమున నిది పూర్వమొక చిన్నజాతి గుఱ్ఱమునకు పేరు. పిదప, కఱ్ఱకు గుఱ్ఱపుతల నమర్చి పిల్లలు స్వారి చేయు ఆటవస్తువునకు "హాబీ హార్స్" అను పేరు వచ్చినది. మన పల్లెలలో పిల్లలు తాటిమట్టనో కఱ్ఱనో కాళ్ళసందున నిడుకొని "చల్ చల్ గుఱ్ఱం" అని పరుగెత్తుట యిట్టిదే. పెద్దవాడయ్యు నొకే విషయమును పట్టుకొని దానిమీదనే తిరుగువానిని కఱ్ఱగుఱ్ఱ మెక్కినవాడని పరిహసించు వాడుక తరువాత నేర్పడెను. లారెన్సు స్టెర్న్ అను ఆంగ్లరచయిత 1759లో ప్రకటింప నారంభించిన "ట్రిస్ట్రమ్ షాండీ" యను నవలయందు ఈ మాట కెంతయో ప్రసిద్ధి గల్గినది. కాలక్రమమున పరిహాసము తొలగి, తీరిక వేళలయందు ప్రీతితో చేయు పని యను అర్థము నిలిచినది. తెలుగున "పుస్తకాల పిచ్చి", "పాటల పిచ్చి" యనునప్పటి "పిచ్చి" శబ్దము ఆ పూర్వార్థమునకు సమీపముగా నున్నది. అందును కొంత పరిహాసము, కొంత మెచ్చుకోలు కలిసియే యుండును.

హాబీకి తెలుగున అభిరుచి, వ్యాసంగము, కాలక్షేపము, సరదా యను పదములు వాడబడుచున్నవి. వీనిలో నేదియు సరిసమానము గాదు. అభిరుచి మనస్సునకు సంబంధించినది. సంగీతమున అభిరుచి గలవాడు పాడనవసరము లేదు, వినిన చాలును. హాబీ యన్ననో చేయు పనియే కావలయును. వ్యాసంగము పనియే యైనను, వృత్తిగా చేయుదానికిని చెల్లును. కాలక్షేపము ప్రొద్దు పుచ్చుట మాత్రమే. అందు పట్టుదల యుండ నక్కఱలేదు. ఇది ఆంగ్లమున "పాస్టైమ్" అను పదమునకు దగ్గఱది. ఆ ఆంగ్లపదమును ఫ్రెంచి పలుకుబడి ననుసరించి యేర్పడినదే. దాని యర్థమును కాలమును గడపుట యనియే. సరదా యన్ననో ఒకనాటి ముచ్చటయు గావచ్చును. ఇష్టముచే చేయునది, కూలి నాశింపనిది, తీరికవేళ చేయునది, మరల మరల చేయునది - ఈ నాలుగు లక్షణములును గూడినపుడే హాబీ యగును.

తీరిక యను పదమునందు మఱియొక విశేషము గలదు. ఆంగ్లమున దీనికి "లీజర్" అందురు. అది అనుమతింపబడుట యను అర్థముగల లాటిను ధాతువునుండి ఫ్రెంచిద్వారా వచ్చినది. కాబట్టి, పని చేయకుండుటకు లభించిన సెలవు అందలి మూలభావము. తెలుగు మాట "తీరు" ధాతువునుండి పుట్టినది. పని తీరిన పిమ్మట మిగులునదియే తీరిక. నాట్లు ముగిసినపిదప, కోతలు ముగిసినపిదప సేద్యగాండ్రకు లభించునది ఈ తీరిక. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనులలో పని గంటలచే కొలవబడును. షిఫ్టు ముగియుటతో విరామము నిశ్చయమగును. అచ్చటి కార్మికుని విరామము లీజరునకు సమీపము. మహబూబాబాదు ప్రాంతపు మిరపతోటలో పనిచేయు కూలివాని విరామము తీరికకు సమీపము. ఒకే సీమయందు రెండుభావములును పక్కపక్కనే జీవించుచున్నవి. విద్యార్థికి ఈ భేదమును చూపుటకు దూరదేశపు టుదాహరణములతో పనిలేదు.

ఇక ఆటకు సంబంధించిన క్రియాపదములు. తెలుగున "ఆడు" ధాతువు మిక్కిలి విశాలమైనది. పిల్లలు బంతి నాడుదురు, నర్తకి యాడును, స్త్రీలు బతుకమ్మ యాడుదురు, జనులు మాటలాడుదురు, నీరాడుదురు, పోట్లాడుదురు, ఉయ్యాల యాడును. ఆంగ్లమున బంతికి "ప్లే", నర్తనమునకు "డాన్స్", ఉయ్యాలకు "స్వింగ్" అని వేఱువేఱు పదములు కావలయును. బతుకమ్మకు "ప్లే" యనినచో ఆంగ్లేయుడు పందెపుటాట యనుకొనును. "డాన్స్" అనినచో పూలపేర్పును పాటయును జాఱిపోవును. తెలుగున ఒక్క "ఆడు" అన్నిటిని మోయుచున్నది.

వాద్యములయందు దీనికి విపర్యయము కనబడును. డప్పు కొట్టుదురు, మద్దెల వాయింతురు, కొమ్ము ఊదుదురు. ఆంగ్లమున ఈ మూటికిని "ప్లే" యొక్కటియే చాలును. ఐనను వాద్యనామమునకు ముందు సాధారణముగా "ది" యను ఉపపదము చేర్తురు. ఆటపేరునకు ముందు చేర్పరు. కబడ్డీకి "ప్లే కబడ్డీ" యనియు, పిల్లనగ్రోవికి "ప్లే ది ఫ్లూట్" అనియు ప్రయోగము. కదలిపోయి చేయు వినోదములకు "గో" క్రియ చేర్చి "గో స్విమ్మింగ్", "గో ఫిషింగ్" అందురు. వ్యాయామాదులకు "డూ" చేర్చి "డూ యోగా" యందురు. తెలుగు బాలుడు "ప్లే స్విమ్మింగ్" అని తప్పు పలుకుట తన భాషలోని "ఈదులాడు", "జలకమాడు" అను పలుకుబడుల ప్రభావమే కావచ్చును. తప్పునకు మూల మిట్టిదని చూపినచో ఆ తప్పు సులభముగా దిద్దుబడును.

పల్లెయాటలకు ఆంగ్లమున పేర్లు లేవను తలంపొకటి గలదు. అది సరికాదు. చిన్నపుల్లను పెద్దకఱ్ఱతో ఎగురగొట్టు చిర్రగోనె వంటి యాట ఇంగ్లండునందును పూర్వము గలదు. దానిని "టిప్‌క్యాట్" అనిరి. తొక్కుడుబిళ్ళకు "హాప్‌స్కాచ్", దాగుడుమూతలకు "హైడ్ అండ్ సీక్", అచ్చనగండ్లకు "నకుల్‌బోన్స్" లేక "జాక్స్", బొంగరమునకు "టాప్" అను పేర్లు గలవు. వామనగుంటల వంటి గుంటలయాటల నన్నిటిని కలిపి "మంకాలా" యందురు. ఇది కదలించుట యను అర్థముగల అరబ్బీ ధాతువునుండి వచ్చినది. పాఠ్యపుస్తకముల పట్టికలలో ఈ పదములు చోటుచేసికొనకపోవుటచేతనే పిల్లలు తమ యాటలకు పేరు లేదనుకొందురు.

కొన్ని ఆంగ్లనామములైతే మనదేశపుటాటలనే మరల మనకు తెచ్చి యిచ్చుచున్నవి. చతురంగము పారసీకమున చత్రంగ్ అయి, అరబ్బీలో శత్రంజ్ అయి, ఐరోపాకు చేరినది. ఆంగ్లమున దానిని "చెస్" అందురు. ఆ పేరు రాజవాచకమగు పారసీక "షా" శబ్దమునుండి వచ్చినది. తెలుగువారు చదరంగమను రూపమును నిలుపుకొనిరి. పచ్చీసు ఆటను మార్చి 1896లో ఇంగ్లండున "లూడో" యను పేర హక్కు పొందిరి. లాటినున ఆ మాటకు "నే నాడుచున్నాను" అని యర్థము. పేకముక్కల పేర్లలో కళావరు, ఆఠీను అనునవి డచ్చివారి పదములనుండి వచ్చినవి. పట్టికలయందు నిత్యము కనబడు తపాలాబిళ్ళల సేకరణమును ఈ సీమకు పరాయిది గాదు. ఓరుగల్లు చేరియున్న హైదరాబాదు సంస్థానము 1869 నుండి తన సొంత తపాలాబిళ్ళలను వెలువరించెను.

ఐనను హాబీ యను మాట యిమడని వినోదములు ఈ సీమయం దనేకములు గలవు. ఒగ్గుకథ చూచువారికి వినోదము, చెప్పువారికి వృత్తి, మల్లన్న బీరప్పల భక్తులకు కొలుపు. జనగామ ప్రాంతమున మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య (మరణము 2017) ఈ కళయందు రాష్ట్రమంతట పేరొందెను. ఆయన కథాగానమును హాబీ యనుట యుక్తము గాదు. మహబూబాబాదు జిల్లా తండాలలో లంబాడీ కన్యలు తీజ్ పండుగకు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి తొమ్మిదిదినములు పాటలతో నీరు పోయుదురు. అది వ్రతమునగును, ఆటయునగును. ఇట్టివానికి ఆంగ్లమున "కస్టమ్", "ఫెస్టివల్", "పెర్ఫార్మెన్స్" అను వేఱు పదములు వాడవలయును. హాబీ యను నొక్క గడిలో నన్నిటిని క్రుక్కుట భాషకును, కళకును అన్యాయమే.

ఈ సంపద నిన్నమొన్నటిది గాదు. పాలకురితికి చెందినవాడని ప్రసిద్ధిగాంచిన సోమనాథకవి పండితారాధ్యచరిత్రయందు శ్రీశైలయాత్రను వర్ణించుచు తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగు పాటలను పేరుపేరున లెక్కించెను. బమ్మెర పోతన భాగవతమున దశమస్కంధమందు శ్రీకృష్ణుని బాల్యక్రీడలు విస్తరించెను. అచ్చట ఆట "లీల" యగుచున్నది. పాలకుర్తియు బమ్మెరయు నేడు జనగామ జిల్లాయందే యున్నవి. ఇక క్రీడాభిరామమున ఇరువురు మిత్రులు ఓరుగంటి వీథులలో నొకదినమెల్ల విహరించి కోడిపందెములు, పొట్టేళ్ళపోరులు మున్నగు వింతలు చూతురు. ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము అధికభాగము ఆ ఓరుగల్లు పేరనే యుండినవి.

కావున ఉపాధ్యాయులు పాటింపదగిన మార్గము సులభమైనది. మొదట బాలుడు నిజముగా చేయు పనిని తెలుగున చెప్పనీయవలయును. అది ఇష్టముచే చేయునదా, ఆచారముగా చేయునదా, జీవనమునకై చేయునదా యని విచారింపవలయును. పిదప తగిన ఆంగ్లపదము నీయవలయును. తగిన పదము లేనిచో తెలుగుపేరునే నిలిపి, దాని నొక చిన్నవాక్యమున ఆంగ్లమున వివరింపనీయవలయును. కబడ్డీ, యోగా యనునవి ఇట్లు నిలిచియే ఆంగ్లనిఘంటువులలో చేరినవి. బతుకమ్మకును, చిర్రగోనెకును ఆ త్రోవ మూసియుండలేదు. "నీ హాబీ యేది?" యను ప్రశ్నకు పరులపట్టికనుండి యొక మాట నప్పగించిన బాలునికి ఒక పదము మాత్రమే వచ్చును. తన యూరి యాటను తానే వివరించినవానికి రెండు భాషలును వచ్చును, తన యాటయు దక్కును.