సరిహద్దు ద్వారమున పరదేశి

ఇంటికి తలుపున్నట్లే ప్రతి దేశమునకును సరిహద్దు గలదు. ఎవరిని లోనికి రానీయవలెనో నిర్ణయించుకొను నధికారమును ఆ దేశమునకు గలదు. అయితే ఆ యధికారమునకు మేర లేదా? ఒక యోడ వృత్తాంతమును బట్టి దీనిని విచారింతము.

1914వ సంవత్సరము మే 23వ తేదీన 'కోమగాటా మారు' అను జపాను ఓడ 376 మంది ప్రయాణికులతో కెనడాలోని వాంకూవరు రేవు చేరెను. వారిలో పెక్కురు పంజాబు సిక్కులు. ఓడను బాడుగకు గైకొనినవాడు గురుదిత్ సింగు. స్వదేశమునుండి ఎచ్చటను మజిలీ చేయక వచ్చినవారికే ప్రవేశమని అచ్చటి నిబంధన. అందులో ఏ జాతి పేరును లేదు. కాని ఇండియానుండి కెనడాకు నేరుగ పోవు ఓడయే లేదు! ఇదిగాక ఆసియావారి చేత 200 డాలర్లుండవలెనని మరియొక నిబంధన. అన్నపానములకు గూడ ఇబ్బందిపడుచు వారు రెండు నెలలు ఓడలోనే నిలిచిరి. కొలదిమందిని మాత్రము దిగనిచ్చి, జూలై 23వ తేదీన ఓడను మరలించిరి. కలకత్తా చెంత బజ్‌బజ్ వద్ద సెప్టెంబరులో జరిగిన కాల్పులలో సుమారు ఇరువదిమంది ప్రయాణికులు మడిసిరి. 2016లో కెనడా ప్రధాని పార్లమెంటునందు క్షమాపణ చెప్పెను.

1948వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన వెలువడిన విశ్వమానవ హక్కుల ప్రకటన, హింసకు లోనైనవాడు అన్యదేశమున ఆశ్రయము కోరవచ్చునని చెప్పుచున్నది. ఇష్టము వచ్చిన దేశమున ప్రవేశించు హక్కును మాత్రము అది ఎవరికిని ఈయలేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ప్రకారము ఎవరిని గాని క్రూరముగను, అవమానకరముగను చూడరాదు. నిర్బంధమందున్నవారిని సైతము మానవోచితముగ నాదరింపవలెను. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక, ప్రాణాపాయమున్న చోటికి శరణార్థిని సామాన్యముగ వెడలగొట్టరాదని శాసించినది. భారతదేశము ఈ రెండవదానిపై సంతకము చేయలేదు. అయినను మన రాజ్యాంగపు 21వ అధికరణము ప్రాణమును, స్వేచ్ఛను పౌరునికే గాక ప్రతి వ్యక్తికిని కాపాడుచున్నది. 1996లో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచినది.

విద్యార్థులారా! నేడు మన తెలుగువారనేకులు చదువునకును, కూలికిని విదేశముల కేగి, అచ్చటి యధికారుల యెదుట కాగితములు చేతబట్టి నిలుచుచున్నారు. వారియెడల ఎట్టి మర్యాదను గోరుదుమో, మన ద్వారమున నిలిచిన పరదేశికిని అట్టి మర్యాదయే చెల్లింపవలెను. అధికారి ప్రవేశమును నిరాకరింపవచ్చును గాని, ఎదుటనున్నవాడు మనుష్యుడను మాటను మరువరాదు.