మీకు తెలుసా? లాన్‌కు ముహూర్తం పెట్టేది నేల

◆ నర్సరీ నుంచి చాపలా చుట్టి తెచ్చే గడ్డికి వేళ్లు దాదాపు ఉండవు. కోసేటప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టి మాత్రమే దాంతో వస్తుంది. అంతకన్నా లోతుకు దిగిన వేళ్లన్నీ పొలంలోనే తెగిపోతాయి. ఆకు మాత్రం చెక్కుచెదరదు. నీరు తాగే శక్తి పోయింది, ఆవిరయ్యే నీరు తగ్గలేదు. కొత్త వేళ్లు కింది మట్టిలోకి దిగడానికి పట్టే ఆ రెండు మూడు వారాలు గట్టెక్కితేనే లాన్ బతికినట్టు. ఏ కాలంలో పరచాలన్న ప్రశ్నంతా ఆ వారాల గురించే.

◆ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో వేళ్లు తెగిన గడ్డిని పరచి రోజంతా నీళ్లు చల్లడం గడ్డికీ కష్టం, బోరుకీ కష్టం. మృగశిర వెళ్లి, నాలుగు మంచి వానలు పడ్డాక నేల తడిగానూ ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది. తెలంగాణలో, కోస్తాలో చాలాచోట్ల జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఇదే అదను. నెల్లూరు లెక్క వేరు. అక్కడ వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కాబట్టి అక్కడ సెప్టెంబరు దాకా ఆగడమే మేలని నా అభిప్రాయం. నల్లరేగడి నేలైతే ఎక్కడైనా ముందు వాలు సరిచూసుకోవాలి. నీరు నిలిస్తే కొత్త వేరు కుళ్లిపోతుంది.

◆ డిసెంబరు చలి మనకు హాయి, గరికకు కాదు. గరిక, కొరియన్ గడ్డి వంటి వాటికి నేల 24 నుంచి 29 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు వేరు చురుగ్గా సాగుతుంది. చలి పెరిగేకొద్దీ మందగిస్తుంది. ఢిల్లీ చలికి గరిక లాన్లు గోధుమరంగుకు తిరిగేది చచ్చిపోయి కాదు, నిద్రపోయి.

◆ డాలస్‌లో ఇల్లు కొన్న అన్నయ్యా, న్యూజెర్సీలో కొన్న తమ్ముడూ ఒకే నెలలో లాన్ వేయకూడదు. డాలస్‌లో పెరిగేది ఎక్కువగా బెర్ముడా, సెయింట్ అగస్టీన్ గడ్డి. ఎండను వాడుకోవడంలో ఇవి జొన్న, చెరకుల వర్గం. వసంతం ముదిరి నేల వేడెక్కాక పరచాలి. న్యూజెర్సీలో వేసే ఫెస్క్యూ, బ్లూగ్రాస్ వరి, గోధుమల వర్గం. వాటి వేరుకు 10 నుంచి 18 డిగ్రీల నేల చాలు. ఎండ తగ్గినా నేలలో కొంత వెచ్చదనం మిగిలి ఉండే సెప్టెంబరు వాటికి శ్రేష్ఠం.

◆ ఆ బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయక చవితి పత్రిలో పెట్టే మన గరికే.

◆ గోల్ఫ్, ఫుట్‌బాల్ మైదానాల్లో పేరుమోసిన ‘టిఫ్‌వే 419’ గరిక సంకరానికి మొలకెత్తే విత్తనమే ఉండదు. పిలకలు నాటాలి, లేదా మట్టితో సహా తెచ్చి పరచాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ దీన్ని రూపొందించాడు. 1960లో విడుదలైంది. ఆయన చేతిలోనే పుప్పొడి పనిచేయని సజ్జ రకం ‘టిఫ్ట్ 23ఏ’ కూడా తయారైంది. దాని ఆధారంగానే లూధియానాలో మన దేశపు తొలి సంకర సజ్జ ‘హెచ్‌బీ-1’ 1965లో వచ్చింది. పచ్చిక బయళ్లకూ పేదల రొట్టెకూ ఒక్క మనిషి ఇంత మేలు చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

◆ చుట్టి పేర్చిన గడ్డి ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, దాంతో వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక చుట్ట లోపల ఉడికి పసుపెక్కుతుంది. కడియం నుంచి హైదరాబాదుకు తెప్పించుకునేవారు సాయంత్రం కోయించి, రాత్రి ప్రయాణం పెట్టించి, లారీ దిగిన పూటే పరిపించాలి. కోసిన 24 గంటల్లోపు పని ముగియాలి. వానాకాలమైనా ఇందులో సడలింపు లేదు.

◆ గడ్డి నాటుకుందో లేదో తెలియాలంటే రెండు వారాలయ్యాక ఒక మూల పట్టుకుని మెల్లగా లాగి చూడండి. లేచి వస్తే నీళ్లు కొనసాగించి మరో వారం ఆగాలి. లేవకుండా నేలను పట్టుకుని ఉంటే నీళ్లు తగ్గించి, మొదటి కోతకు మిషన్ తీయవచ్చు.