టీకా గడువు - కూలివాని కష్టము

2021 జనవరిలో దేశమున కరోనా టీకాలు మొదలైనవి. మన మిరప, పత్తి పల్లెలలో పలువురు పొందిన కోవిషీల్డు ఆక్సుఫర్డున రూపొంది పూనాలో తయారైనది. చింపాంజీలకు జలుబు కలిగించు వైరసును వృద్ధిపొందకుండునట్లు మార్చి, దానియందు కరోనా కొమ్ము ప్రోటీనుకు మూలమైన జన్యువును చేర్చిరి. ఈ వాహకము వలన మన కణములే ఆ కొమ్మును చేయును. దానిని గుర్తించి శరీరము యాంటీబాడీలను సిద్ధపరచుకొనును.

రెండు సూదుల నడుమ గడువు మొదట 4 మొదలు 6 వారములు. 2021 మే నెలలో అది 12 మొదలు 16 వారములైనప్పుడు, టీకాల కొరతను కప్పిపుచ్చుటకే యని పలువురు శంకించిరి. కొరత నిజమే. కాని 6 వారములలోపు రెండవ సూది పొందినవారికి నూటికి 55 పాళ్లును, 12 వారములు నిండినవారికి 81 పాళ్లును రక్షణ కలిగెనని ఆ యేటి ఆక్సుఫర్డు పరిశోధన తెలిపెను. దీర్ఘమైన గడువున యాంటీబాడీలును హెచ్చెను.

అయితే మిరపకోతలకు పొరుగు జిల్లాలనుండి వచ్చిన కూలివాడు 12 వారములకు ఏ యూర నుండునో యెవరెరుగుదురు? కావున రైతుసోదరులకు మేము విన్నవించున దొక్కటే. మరియొక మహమ్మారికి ఇట్టి టీకా వచ్చినచో, కూలివాని రెండవ సూది తేదీని మీ పద్దులలో వ్రాసికొనుడు. సూదినాటి కూలిని, మరునాటి జ్వరపు కూలిని కోయకుడు. కూలి పోవునను భయ మున్నంతకాలము శాస్త్రజ్ఞులు నిర్ణయించిన గడువు కాగితముమీదనే నిలుచును.