నిఘంటువు అడిగే ప్రశ్న

హక్కు, రాజీ, బాకీ, వసూలు, జవాబు - ఇవి తెలుగిళ్లలో నిత్యం వినిపించే మాటలు. పలికేటప్పుడు ఇవి పరభాషా పదాలన్న స్పృహ ఎవరికీ ఉండదు. అన్నీ అరబీ మూలం గలవే. పారసీ, ఉర్దూల మీదుగా కచేరీలకూ, అంగళ్లకూ, అక్కడి నుంచి మన వాకిళ్లకూ చేరాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తెలుగు వ్యవహారంలో పాతుకుపోయిన ఇలాంటి అన్యదేశ్యాల కోసం 1854లో ప్రత్యేకంగా మరో నిఘంటువును ప్రచురించాడు.

అరబీ నిఘంటు సంప్రదాయం అంతకంటే ఎంతో ప్రాచీనమైనది. 8వ శతాబ్దంలో బస్రా నగరంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ 'కితాబుల్ ఐన్'కు రూపకల్పన చేశాడు. అక్షరాలను వాడుక వరుసలో గాక, అవి కంఠం నుంచి పెదవుల దాకా పుట్టే స్థానాలను బట్టి పేర్చాడు. అక్షరాల కలయికలన్నింటినీ పరిశీలించి, వాడుకలో ఉన్నవాటిని లేనివాటి నుంచి వేరుచేశాడు. ఒకే ధాతువు నుంచి పుట్టిన పదాలను ఒకచోట చేర్చే ఈ సంప్రదాయం వల్ల మాటల చుట్టరికం తేటతెల్లమవుతుంది.

'రాజీ'నే చూడండి. తెలుగులో రాజీపడటమంటే ఎంతోకొంత వదులుకొని సర్దుకోవడం. అరబీ మూలంలో దాని అర్థం సంతుష్టి, మనస్ఫూర్తి అయిన సమ్మతి. 'హక్కు' అనగానే మనకు రావలసినదే గుర్తొస్తుంది. మూలంలో ఆ పదానికి సత్యమనీ అర్థముంది. ఇతరులకు మనం చెల్లించవలసినదీ హక్కే. 'వసూలు'కు మూలార్థం చేరడం. 'బాకీ'కి మిగిలి ఉన్నది.

ఇప్పుడు తండ్రి ఆస్తి పంపకం జరిగే ఇంటిని ఊహించండి. ఆడపడుచుకు ఖుర్‌ఆన్ వాటాను నిర్ణయించింది. "చెల్లెలు రాజీ అయింది, సంతకం పెట్టింది" అంటారు అన్నదమ్ములు. పుట్టింటి రాకపోకలు ఎక్కడ తెగిపోతాయోనన్న భయంతో పెట్టిన సంతకంలో సంతుష్టి ఏపాటిది?

భాషలు మారినప్పుడు మాటల అర్థాలూ మారతాయి. అది సహజం, తప్పేమీ కాదు. పాత అర్థమే సరైనదని నిఘంటువు శాసించదు. కానీ మాట మాటున మనం దాచినదాన్ని మన ముందు ఉంచుతుంది. సంతుష్టి లేని సంతకాన్ని కాగితం రాజీ అని రాసుకోవచ్చు. ఆ ఆడపడుచు హక్కు మాత్రం ఆమెకు చేరేదాకా అన్నదమ్ముల మీద బాకీగానే మిగిలి ఉంటుంది.