ఒకటే బోర్డు, రెండు చేతులు: సర్వర్లు డిస్కుల్ని ఎలా పంచుకుంటాయి?



మొన్న స్టోరు రూములో జరిగిన గొడవ మీ అందరికీ తెలిసిందే. నిల్వ రాసే బోర్డు మీద "బియ్యం 40 కిలోలు" అని ఉంది. అది చూసుకుని నేను లోపలికెళ్ళి 15 కిలోలు కొలిపించాను. ఆ లోపే నా తోటి మెస్ లీడరు కూడా అదే 40 చూసుకుని 10 కిలోలు పట్టుకెళ్ళాడు. నేను వచ్చి 25 అని రాశాను. తర్వాత వాడు వచ్చి, నేను రాసింది చూడకుండా తుడిచేసి 30 అని రాశాడు. రాత్రి కాటా వేస్తే 15 కిలోలే తేలాయి. మిగతా 15 ఎవరు తీశారని మా ఇద్దర్నీ నిలబెట్టారు.

ఎవరూ తీయలేదండీ! ఇద్దరం లెక్క సరిగ్గానే చేశాం. కాకపోతే ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే బోర్డు మీద రాశాం. కంప్యూటర్లకీ సరిగ్గా ఇదే ఇబ్బంది ఉంది. దాన్ని అవి ఎలా దాటాయో చెప్తాను, వినండి.

సర్వర్ అంటే చాలామంది అడిగిన సమాచారం తీసి ఇచ్చే కంప్యూటరు. ఆ సమాచారం దాచుకునే చోటు డిస్కు. పెద్దింట్లమ్మ తిరునాళ్ళకి కొల్లేటికోట వెళ్ళేటప్పుడు దారిపొడవునా చేపల చెరువులు చూశాం కదా. ఒక్కో చెరువుకీ చుట్టూ గట్టు. ఒకదాంట్లో నీళ్ళు పొర్లుతున్నా, పక్కదాని అడుగు ఎండినా, గట్టు దాటి చుక్క పోదు. ఎవరి డిస్కు వాళ్ళకే ఉన్న సర్వర్లు ఇలాంటివే. మరి కొల్లేరు సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలుస్తాయి. నీళ్ళన్నీ ఒకటే, చుట్టుపక్కల ఊళ్ళ పడవలన్నీ అందులోనే తిరుగుతాయి. డిస్కులన్నీ ఒకచోట చేర్చి, సర్వర్లన్నిటికీ ప్రత్యేకమైన వైర్లతో కలిపితే అలాంటి కొల్లేరే అవుద్ది. దీన్ని స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా 'శాన్' అంటారు.

దీనివల్ల లాభాలు రెండు. ఖాళీ జాగా ఎవరికి కావాలంటే వాళ్ళకి దొరుకుద్ది. ఒక సర్వర్ పాడైనా సమాచారం దాని కడుపులో ఉండదు కాబట్టి, ఇంకో సర్వర్ ఆ పని అందుకుంటుంది.

కానీ గట్లు తీసేస్తే చాలదు. బోర్డు గొడవ గుర్తుంది కదా! అందుకే తాళం పద్ధతి పెట్టారు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ 1983లో 'వ్యాక్స్ క్లస్టర్' అని ప్రకటించింది. అందులో చాలా కంప్యూటర్లు ఒకే డిస్కుల్ని వాడుకుంటాయి. రాయాలనుకున్న కంప్యూటరు ముందు తాళం అడగాలి. చదివేవాళ్ళు ఎంతమందైనా కలిసి చదవొచ్చు. రాసేవాడు మాత్రం ఒక్కడే. వాడు రాసి తాళం వదిలాకే రెండోవాడి వంతు.

ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే తర్వాత ఓపెన్ వీఎంఎస్ పేరుతో మన రైల్వే రిజర్వేషన్‌కి పనికొచ్చింది. దాని మీద నడిచిన 'కాన్సర్ట్' అనే రిజర్వేషన్ పద్ధతిని మొదట మొదలుపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1994లో. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు అయిదూ కలిశాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కటే బెర్తు మిగిలిందనుకోండి. ఏలూరులో ఒకరు, తాడేపల్లిగూడెంలో ఒకరు ఒకే క్షణంలో అడిగారు. తాళం లేకపోతే ఇద్దరికీ టిక్కెట్టు వస్తుంది, రైలెక్కాక కొట్టుకోవాలి. తాళం ఉంటే ఒకరికి బెర్తు, రెండోవారికి వెయిటింగ్ లిస్టు.

తాళం పట్టుకున్న సర్వరే పడిపోతే? మిగతావి దాన్ని గుంపులోంచి తీసేసి, తాళం విడిపించి, సగంలో ఆగిన పని సరిచేస్తాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. సర్వర్లు బతికే ఉన్నాయి, వాటి మధ్య మాటలు నడిచే వైరు తెగింది. ఎదుటివాడు పోయాడని ప్రతి ఒక్కటీ అనుకుని, ఎవరికి వారే రాయడం మొదలుపెడితే డిస్కు మొత్తం నాశనం. అందుకే ఓట్ల నియమం పెట్టారు. మూడు సర్వర్లకి తలా ఒక ఓటు. కనీసం రెండు ఓట్లు ఒకచోట ఉంటేనే పని సాగాలి. ఒంటరిగా మిగిలింది నోరు మూసుకుని ఆగిపోవాలి. నష్టం చేయడం కన్నా ఆగడమే మేలు.

చివరిగా ఇంకో మాట. కొల్లేరు ఒక్కటే కదా, అది పాడైతే అందరికీ కష్టమే. అందుకే ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద ఒకేసారి రాస్తారు. అయితే పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే రెండిట్లోనూ చెరిగిపోద్ది. కాబట్టి వేరే కాపీ తీసి విడిగా దాచడం తప్పదు.

స్టోరు రూముకి ఇప్పుడు ఒకటే తాళంచెవి పెట్టుకున్నాం. బోర్డు మీద రాసేదాకా ఆ చెవి ఇంకొకరికి ఇవ్వం. వారం నుంచి కాటా, బోర్డు ఒకే మాట చెప్తున్నాయి.

మీకో ప్రశ్న: రెండే సర్వర్లు ఉంటే, వైరు తెగినప్పుడు చెరో ఓటే కదా? మరి ఎవరు ఆగాలి?

జవాబు: డిస్కుకి కూడా ఒక ఓటు ఇస్తారు. ఆ డిస్కు ఓటు దక్కించుకున్న సర్వర్ నడుస్తుంది, రెండోది ఆగుతుంది.

— 10వ తరగతి విద్యార్థి, మెస్ లీడరు