జంటతారల వెలుగు

హెర్క్యులీసు నక్షత్రమండలమున కంటికి కానరాని చిన్న తార యొకటి గలదు. దాని వెలుగు హెచ్చుచు తగ్గుచుండునని జర్మనీ దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు హోఫ్‌మైస్టరు 1936లో గుర్తించెను. అట్టి తారలు ఆకాశమున వేలకొలది గలవు గనుక నాడు దానికి పెద్దపేరు రాలేదు.

ఎక్స్-కిరణములను మన వాయుమండలము అడ్డగించును. వానిని చూడవలెనన్న దానిని దాటి పైకి పోవలసినదే. 1970 డిసెంబరు 12వ తేదీన కెన్యా తీరమునుండి ఉహురు అను ఉపగ్రహమును అందులకే పంపిరి. ఆ తార వైపునుండి ఎక్స్-కిరణములు వచ్చుచున్నట్లు అది కనుగొనెను. అవి 1.24 సెకండ్లకు ఒకసారి తళుక్కుమనుచుండెను, 1.7 దినములకు ఒకసారి కొన్ని గంటలపాటు మాయమగుచుండెను.

అచ్చట నున్నది ఒక తార కాదు, రెండు. ఒకటి సూర్యునికి రెండింతల బరువుగల తార. రెండవది న్యూట్రాను తార. దాని బరువు సూర్యుని మించినది. వెడల్పో, సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు! పెద్దతారనుండి జారిన వాయువు దీని అయస్కాంత ధ్రువములపై పడి, మిక్కిలి కాగి ఎక్స్-కిరణములను వెలిగ్రక్కును. ఆ ధ్రువములు భ్రమణాక్షమునకు ఒరగియుండుటచే, ఓడరేవునందలి దీపస్తంభపు వెలుగువలె తార తిరిగినపుడెల్ల ఆ వెలుగు మనవైపు వచ్చి పోవును. అనగా 1.24 సెకండ్లే ఆ తారకు ఒక దినము. సూర్యుడంత తార అంత వేగముగ తిరిగినచో దాని అంచు కాంతికంటె పదిరెట్లకు పైగా వేగముతో పోవలెను. అది అసంభవము. కనుకనే అది చాల చిన్నదని తేలినది. పెద్దతార చాటునకు పోయినపుడు దాని కిరణములు మాయమగును.

పెద్దతార భ్రమణము వేరొక రీతి. చందమామ భూమికి వలె అది తన జంటకు ఎల్లప్పుడు ఒకే ముఖము చూపును. ఎక్స్-కిరణముల వేడికి ఆ ముఖము కాగుచునే యుండును. అది మనవైపున్నపుడు వెలుగు హెచ్చును. చల్లని వీపు మనవైపున్నపుడు తగ్గును. హోఫ్‌మైస్టరు చూచినది ఇదియే.

హంసమండలమందలి జంట యొకదాని తీరు ఇట్లు కాదు. అందలి పెద్దతార గ్రుడ్డువలె సాగియున్నది. గ్రుడ్డును త్రిప్పి చూచినచో దాని ప్రక్క రెండుమారులు కనబడును గదా! ఆ తార వెలుగును 5.6 దినముల పరిభ్రమణమున రెండుమారులు కొద్దిగా హెచ్చును.

హెర్క్యులీసు జంటలో మరియొక వింత గలదు. సుమారు 35 దినముల కాలములో చాల దినములు ఎక్స్-కిరణములు మనకు మిక్కిలి సన్నగిల్లును. న్యూట్రాను తార ఆరిపోయినదా? ఆరినచో పెద్దతార ముఖము చల్లబడవలెను. కాని ఆ దినములందును దాని వెలుగు 1.7 దినముల లెక్కన హెచ్చుచు తగ్గుచునే యున్నది. కావున కిరణములు ఆగలేదు. న్యూట్రాను తార చుట్టు పళ్లెమువలె తిరుగు వాయువు ఒరిగి, మెల్లగా త్రిప్పుకొనుచు, మన చూపునకు అడ్డువచ్చుచున్నది.