వడ్డన ఎక్కడ ఆగింది?

శనివారం రాత్రి ఎనిమిదిన్నర గంటలు. హైదరాబాదులో కాస్త పేరున్న ఒక రెస్టారెంటు. కళాశాల విడిచిన ఇరవై రెండేళ్లకు ఆరుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ ఆసీనులయ్యారు. ఒకరు బెంగుళూరు నుంచి, మరొకరు భిలాయ్ నుంచి ఇందుకోసమే రైలెక్కి వచ్చారు. మంచినీళ్లు రావడానికే పదిహేను నిమిషాలు పట్టింది. ఆర్డరు రాసుకున్న కుర్రవాడు మళ్లీ కనిపించలేదు. తొమ్మిదింబావుకు నలుగురి ముందుకు పళ్లేలు వచ్చాయి. ఇద్దరి ముందు బల్ల ఖాళీగానే ఉంది. వచ్చినవారు తినలేరు, రానివారు "మీరు కానివ్వండిరా" అనక తప్పదు. ఇరవై రెండేళ్ల కబుర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరి చూపులూ వంటింటి తలుపు మీదనే.

ఇటువంటి రాత్రి మన నగరవాసులలో చాలామందికి అనుభవమే. అప్పుడు కోపమంతా సర్వరు మీదికి పోతుంది. కనబడేవాడు అతడొక్కడే కదా! కాని వడ్డన ఆగిన చోటు తరచుగా అతనికీ వంటవానికీ నడుమ ఉంటుంది.

బంతి భోజనంలో అందరికీ ఒకే వంట. గరిటె పట్టినవాడు ఆకుల వెంట నడుస్తూ ఎవరికేది కావాలో కళ్లతోనే కనిపెడతాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనన్న సామెత ఆ పంక్తిలో పుట్టినదే. రెస్టారెంటులో అలా కాదు. ఆరుగురికి ఆరు రకాలు. బిరియాని ముందే దమ్ అయి హండీలో సిద్ధంగా ఉంటుంది. తందూరీ రొట్టె, కబాబు నిప్పుల పొయ్యి దగ్గర తమ వంతు కోసం ఆగాలి. నూడిల్స్ వేరొక వంటవాని చేతిలో పని. ఇవన్నీ ఒక్కసారిగా బల్ల మీదికి రావాలంటే వంటింటి గడపలో ఒకరు నిలబడి లెక్క చూసుకోవాలి. హాలు నిండిన వేళ ఆ ఒక్క మనిషే కరువవుతాడు.

ఈ గడప దగ్గరి కలహాన్ని శ్రద్ధగా పరిశీలించినవాడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విలియం ఫుట్ వైట్. షికాగో రెస్టారెంట్లను పరిశోధించి 1948లో ఆయన ఒక గ్రంథం వెలువరించాడు. రద్దీ వేళలలో వడ్డించే స్త్రీలు కన్నీళ్లు పెట్టుకోవడం ఆయన దృష్టిని ఆకర్షించింది. హాలులో అతిథి తొందరపెడతాడు. లోపల వంటవాడు తనకంటె తక్కువ జీతం తెచ్చుకునే మనిషి, అందునా స్త్రీ, తనకు ఆజ్ఞ ఇవ్వడమేమిటని బిగుసుకుంటాడు. కొన్నిచోట్ల దీనికి దొరికిన విరుగుడు ఎంత చిన్నదో చూడండి: ఒక ఇనుప ములుకు! ఆర్డరు చీటీని దానికి గుచ్చి వెళ్లిపోతే, వంటవాడు వరుసగా తీసుకుని చేస్తాడు. నోటి మాట తగ్గింది, జగడమూ తగ్గింది. మన హోటళ్లలో సర్వర్లు కె.ఓ.టి. అని పిలిచే చీటీ చేసే పని కూడా ఇదే.

ఆలస్యం కంటె బాధించేది మరొకటుంది. నిరీక్షణను గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో, కారణం చెప్పని నిరీక్షణ చెప్పిన దానికంటె దీర్ఘంగా తోస్తుందన్నాడు. ఏ పనీ లేని నిరీక్షణ కూడా అంతే. "పొయ్యి దగ్గర రద్దీగా ఉందండీ, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది" అని ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే ఆ మిత్రులు మళ్లీ కబుర్లలో పడేవారు. ఆ మాటకు ఖర్చేమీ లేదు. అయినా మన హోటళ్లలో అన్నిటికంటె ఆలస్యంగా వచ్చే వంటకం అదే.

పదిన్నరకు బిల్లు మాత్రం తక్షణం వచ్చింది. భోజనం 4,000 రూపాయలు, సేవా రుసుము నూటికి పది చొప్పున 400, ఆ మొత్తం మీద ఐదు శాతం జి.ఎస్.టి. 220. వెరసి 4,620. అందని సేవకు రుసుము, ఆ రుసుము మీద పన్ను!

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఇది ప్రభుత్వానికి చెల్లే పన్ను కాదు. దీనిని అతిథి అడగకుండా బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా, అదే నెలలో వాటి అమలు నిలిచిపోయింది. చివరకు 2025 మార్చి 28న న్యాయస్థానం సంఘాల పిటిషన్లను కొట్టివేసి మార్గదర్శకాలను సమర్థించింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. ఇష్టపడి ఇచ్చేదానికి అభ్యంతరం లేదు. బలవంతం కూడదన్నదే తీర్పు సారం. తీసివేయడానికి యాజమాన్యం ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

తెలిసినా అడగడం సులభం కాదు. నలుగురి ముందు నాలుగు వందలకు పేచీ పెట్టడం నామోషీ. ఆ బల్ల దగ్గర కూడా "పోనీలేరా" అన్నవారు ముగ్గురు. భిలాయ్ నుంచి వచ్చిన మిత్రుడు మాత్రం లేచి వెళ్లి, స్వరం పెంచకుండా మేనేజరును అడిగాడు. ఆయన వాదించలేదు, ఆ పద్దు కొట్టివేసి 4,200కు కొత్త బిల్లు ఇచ్చాడు.

బయటికి వస్తూ ఆ మిత్రుడు వంద నోటు చేతిలో పట్టుకుని సర్వరు కోసం వెదికాడు. కుర్రవాడు కిటికీ పక్క బల్ల దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అక్కడి పెద్దమనిషి రొట్టె ఇంకా ఎందుకు రాలేదని గద్దిస్తున్నాడు.